చెప్పి పోవడం

షఫీ ఆ మాట చెప్పేటప్పటికి సుబ్బలక్ష్మమ్మ కొళాయి దగ్గర పీట వేసుకుని చేప పొలుసు గీరుతోంది. ఒమాన్ దక్షిణాన సలాలాలో సెలవులకని మేడం వాళ్ళు అద్దెకు తీసుకున్న ఇల్లది. వెనక వసారా మీద రేకు. వాన చప్పుడేమీ లేదు గానీ రేకు అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఈ ఊళ్ళో ఈ కాలంలో వాన పడదు, పొగలాగా కొండల మీది నుంచి దిగి మనుషుల్ని తడిపిపోతుంది. మస్కట్ ఎండలకు తాళలేక మేడం వాళ్ళు ప్రతి ఏడూ ఇక్కడికి వస్తారు. ఇన్నాళ్ళూ మేడం అత్తగారికి, ఆ ముసలామెకు తోడుగా సుబ్బలక్ష్మమ్మను మస్కట్‌లో అజైబా ఇంట్లోనే ఉంచి వచ్చేవాళ్ళు. ఈసారి ముసలామె కూడా బయలుదేరింది కాబట్టి ఆమెకూ రాక తప్పలేదు. పిల్లలకు ఈ తడి పండగలాగా ఉంది. ఆమెకు మాత్రం ఉతికిన బట్ట ఒక్కటీ ఆరడం లేదు.

"అక్కా, ఒక మాట చెప్తా. ఆ కత్తి కింద పెట్టు" అన్నాడు షఫీ.

ఆమె పెట్టలేదు. "చెప్పు. చెయ్యి ఆపితే అన్నం యాళకు కాదు ఇది."

షఫీ ఆ ఇంటి డ్రైవరు. రాయచోటి వాడు. సుబ్బలక్ష్మమ్మది అక్కడికి దగ్గరే ఒక పల్లె. ఒకే ఇంట్లో అతను బండి తోలుతూ, ఆమె వంట చేస్తూ ఉండబట్టి అక్కా తమ్ముడు వరస కలుపుకున్నారు. అతను రేకు కింద గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గురవన్న ఈడనే ఉండాడు."

కత్తి చేప మీద ఇంకో రెండు గీతలు గీసింది. ఆమె తలెత్తలేదు.

"బతికే ఉండాడా" అంది.

"ఉండాడు. సముద్రం పక్క రోడ్డులో టెంకాయల అంగళ్ళు వరసగా ఉంటాయి చూడు, అరటిగెలలు ఏలాడదీసి. వాట్లో ఒకదాంట్లో ఉంటాడు. కాయలు కొట్టి అమ్ముతాడు."

"కాళ్ళూ చేతులూ బాగుండాయా?"

"బాగుండాయి."

"ఎవురుండారు కూడా?"

"మొయిదీన్ అని ఒక మలయాళీ ముసలాయన. ఇద్దరూ తోటలోనే రూములో ఉంటారు."

"ఆడమనిషి?"

"ఎవురూ లేరక్కా."

సుబ్బలక్ష్మమ్మ చేపను తిప్పి రెండో వైపు గీరడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు గురవయ్య ఒమాన్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదట్లో కబురూ కాకరకాయా అన్నీ నడిచాయి. తర్వాత ఏమీ లేదు. ఆమె కూడా ఏజెంటును పట్టుకుని ఈ దేశమే వచ్చిందంటే, మొగుణ్ణి వెతుక్కుంటూ పోయిందని ఊళ్ళో అన్నారు. కూలి కోసం పోతున్నానని ఆమె చెప్పింది. రెండూ అబద్ధం కాదు. జైల్లో ఉన్నాడేమో అనుకుంది. ఏ సైట్‌లోనో కిందపడి కాలు పోయి, మొహం చూపించలేక ఉన్నాడేమో అనుకుంది. ఇంకొకతె ఉందనుకుంది. ఆ ఇంకొకతెకు మనసులో ఒక రూపం కూడా కట్టింది, తనకంటే పొట్టి, నవ్వుమొహం. ఇప్పుడు షఫీ చెప్పినదాంట్లో అవేవీ లేవు. టెంకాయలు ఉన్నాయి, ఒక ముసలాయన ఉన్నాడు.

"రేపు తీసుకపోతావా నన్ను?"

"మేడాన్ని అడుగు మరి."

ఆమె చేపను కడిగి ముక్కలు కోసింది. పేగులు కాగితంలో చుట్టి గంపలో పడేసింది. లోపలికి పోతూ గడప దగ్గర కాసేపు ఆగింది, చేతులు రెండూ వాసన చూసుకుని మళ్ళీ కొళాయి దగ్గరికి వచ్చి సబ్బుతో కడుక్కుంది.

*

ఆరని బట్టల్ని సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టే పని పెట్టుకున్నారు ఆ ఇంట్లో. కింద బొగ్గుల కుంపటి, దాని మీద గోపురంలాగా కట్టిన కర్రల చట్రం, చట్రం మీద పిల్లల చొక్కాలు. సుబ్బలక్ష్మమ్మ వాటిని తిప్పుతూ ఉంటే మేడం పక్కనే కూర్చుని చిన్నపిల్ల తల దువ్వుతోంది. ఇద్దరి మధ్యా నడిచే భాష సగం హిందీ, సగం అరబ్బీ.

సుబ్బలక్ష్మమ్మ చెప్పింది విని మేడం దువ్వెన ఆపింది.

"నీ భర్త చనిపోయాడనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నేను అట్ల చెప్పలేదు మేడం."

"చెప్పలేదు. ఒక్కసారైనా అతని మాట ఎత్తావా? అందుకని నేనే అనుకున్నాను." కాసేపు పిల్ల జుట్టులో చిక్కు తీసింది. "తాగుతాడా?"

"లేదు."

"కొట్టేవాడా?"

"ఎప్పుడూ లేదు."

"మరి?"

సుబ్బలక్ష్మమ్మ కుంపటిలో బొగ్గులు ఎగదోసింది. చొక్కా తిరగేసి పరిచింది.

మేడం మంచి మనిషే. అరవడం ఉంది గానీ అన్నం దగ్గర లెక్క చూడదు. ఆలోచించి చెప్పింది: "అజైబాలో మన తోట చూసే మనిషి పోయినప్పటి నుంచీ చెట్లన్నీ ఎండిపోతున్నాయి. నీ భర్తకు చెట్ల పని వస్తుందంటే అడుగు. ఇక్కడి అతని యజమానితో సార్ మాట్లాడతారు. నీ గది పెద్దదే కదా, ఇద్దరూ ఉండొచ్చు. రేపు మేం కొండల్లోకి పోతాం, షఫీ మమ్మల్ని దించి వచ్చి నిన్ను తీసుకుపోతాడు."

ఆ సాయంత్రమంతా సుబ్బలక్ష్మమ్మ పని చేస్తూనే లోపల ఇంకో పని చేసుకుంది. అజైబా గదిలో ఇంకో మంచం ఎక్కడ పడుతుంది, ఇనప పెట్టె జరిపితే చాలునా, ఫ్యాన్ గాలి ఎవరి వైపు పోతుంది. సార్ పొద్దున ఆఫీసుకు అల్ ఖువైర్ బయలుదేరే ముందు తోట తడిపి ఉండాలి, కాబట్టి గురవయ్యను తెల్లారకముందే లేపాలి. అతనికి లేవడం చేతకాదు. తనే లేపాలి. దాన్ని సంతోషం అనడానికి లేదు. చాలా రోజులుగా మూలపడి ఉన్న పని చేతికి దొరికిన మనిషి హుషారు అది.

*

అంగడి ముందు షఫీ బండి ఆపాడు. తాటాకు కప్పు, కింద బల్ల, బల్ల మీద పచ్చి కొబ్బరికాయల కుప్ప. అరటిగెలలు తాళ్ళకు వేలాడుతున్నాయి. సన్నటి జల్లులో అంతా పచ్చగా, మసగ్గా ఉంది. రోడ్డుకు అవతల సముద్రం కనిపించడం లేదు, హోరు మాత్రం వినిపిస్తోంది.

బల్ల వెనక మనిషి కత్తితో కాయ చెక్కుతున్నాడు. మెడ మీద ఎముక తేలింది. చెవుల పక్క తెల్లబడింది. చెక్కడం మాత్రం గట్టిగా, తీరుగా చెక్కుతున్నాడు. మూడు వైపులా మూడు వేట్లు, తర్వాత కొనమీద ఒక చిన్న వేటు. ఊళ్ళో ఉన్నప్పుడు గొడ్డలి కూడా సరిగ్గా పట్టలేడని వాళ్ళ నాయన తిట్టేవాడు.

"కిత్నా?" అని అడిగాడు తలెత్తకుండా.

"ఒకటి" అంది తెలుగులో.

అతను ఒక కాయ తీశాడు, చెక్కాడు, గొట్టం గుచ్చి చాపాడు. అప్పుడు చూశాడు. కాళ్ళదాకా పొడుగు గౌను, తలకు గుడ్డ. చీరలో తప్ప ఆమెను ఎప్పుడూ చూసినవాడు కాదు. కాయ ఇద్దరి చేతుల మధ్యా ఉండిపోయింది.

"వచ్చినావా" అన్నాడు.

పక్క వీధి నుంచి వచ్చినట్టు అడిగాడు. దారంతా ఆమె మూటగట్టుకుని వచ్చిన మాటలు ఉన్నాయి గానీ ఒక్కటీ ఈ 'వచ్చినావా'కు అతకదు.

"వచ్చినా" అంది.

ముసలాయన లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి తలకిందులుగా వేసి, గుడ్డతో తుడిచి, కూర్చోమన్నాడు. ఎవరని గురవయ్యను సైగతో అడిగాడు. గురవయ్య చెప్పగానే ఆయన రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని వంగాడు, వెంటనే స్టవ్ అంటించి టీ పెట్టాడు. మొయిదీన్ హిందీ అంతంత మాత్రమే. "చెల్లీ, చెల్లీ" అంటూ అల్లం దంచాడు. ఇన్నాళ్ళు ఈ మనిషికి ఎవరూ లేరనుకున్నానని, ఒక్కసారైనా చెప్పలేదని, చూడు ఎంత దొంగవాడో అని నవ్వాడు. ఆయన నవ్వులో మోసం లేదు. గురవయ్య కూడా నవ్వాడు.

కొనేవాళ్ళు వస్తూ ఉన్నారు. గురవయ్య కాయలు చెక్కుతూనే మాట్లాడాడు.

"పిల్లోడు బడికి పోతాండాడా?"

"ఏ బడి? బడి ఇడిసి లారీ షెడ్డులో వెల్డింగు పని చేస్తాండాడు ఓబులేసు. మీసాలొచ్చినాయి."

"మీసాలా." చెక్కడం ఆపి, కత్తి మొన మీద వాన చుక్కను వేలితో తుడిచాడు. "మీ అమ్మ?"

"ఉండాది. మోకాళ్ళు పోయినాయి."

"ఎర్రావు?"

"ఎప్పుడో అమ్మేసినాం."

అతను తల ఊపాడు. ఆమె డబ్బా మీద ముందుకు జరిగింది. షఫీ బండిలోనే కూర్చున్నాడు, అటు తిరిగి.

"ఎందుకు ఇడిసిపెట్టినావు?" అని అడిగింది. గొంతు లేపలేదు. "ఒక్క మాటన్నా పంపకుండా."

గురవయ్య చాలాసేపు చెక్కాడు. ఎవరూ అడగని కాయ కూడా చెక్కేశాడు.

"ఇడిసిపెట్టల్య మే. ఆ కంపెనీ మూసేసినారు, ఒక నెల ఏమీ పంపల్య. పై నెల పంపదామనుకుంటి. పోయిన నెల ఏమైందని అడుగుతారు కదా, ఏం చెప్పాలబ్బా అని ఆగితి. ఆ మళ్ళ నెల ఇంగా కష్టమాయ. అట్లనే..." కత్తిని గాలిలో చిన్నగా ఊపాడు. "ఏడాదైనాక ఇంగ ఎట్ల రాసేది. పోయినేడు నువ్వు అజైబాలో ఉండావని షఫీ చెప్పినప్పుడు కూడా వద్దామనే అనుకుంటి."

"పోయినేడా?"

"ఆ. ఈ వానల్లోనే."

ఆమె బండి వైపు చూసింది. షఫీ తల ఇంకా అటే ఉంది. ఏడాది. మొన్న రంజాన్ నెలలో అర్ధరాత్రి భోజనాలకు వండి వండి కాళ్ళు వాచిపోయి గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు కూడా ఈ మనిషికి తెలుసు తాను ఎక్కడ ఉందో. మస్కట్‌కూ ఈ ఊరికీ మధ్య బస్సు నడుస్తుంది. టికెట్టు కొంటే ఒక పగలు.

మొయిదీన్ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. ఆమె తాగింది. చాలా తీపిగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు షఫీ తనంతట తానే అన్నాడు. "నేనే పోయి కనపడతా, నువ్వు చెప్పొద్దు అన్నాడక్కా. నమ్మినా. ఈ తూరి వచ్చి చూస్తే అదే అంగడి, అదే మనిషి. ఇంగ చెప్పకుండా ఉంటే నాకు అన్నం పొయ్యేట్లు లేదు."

"నువ్వొక్కడివేనా నమ్మింది" అంది సుబ్బలక్ష్మమ్మ. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి.

*

అయినా మరుసటి రోజు మళ్ళీ పోయింది. మేడం వాళ్ళు ఊటల దగ్గరికి పోయారు, రాత్రికి గానీ రారు. పోతూ పోతూ బియ్యం, మిరపకాయలు, వేరుశనగ గుళ్ళు, చింతపండు మూటగట్టుకుంది. తోట వెనక రూము అరటిచెట్ల మధ్య ఉంది. రెండు మంచాలు, ఒక స్టవ్, గోడకు మేకులు. మొయిదీన్ మంచం మీద దుప్పటి మడిచి ఉంది. గురవయ్యది ముద్దలాగా ఉంది. ఏది ఎవరిదని ఆమె అడగలేదు.

చూసి ఊరుకోలేకపోయింది. దుప్పటి విదిలించింది. గిన్నెల అడుగున పట్టిన మసి బూడిదతో తోమింది. నేల మీద తడికి పాకిన నాచును చిప్పతో గీరింది. తర్వాత గుళ్ళు వేయించి, మిరపకాయలు వేసి నూరింది, చింతపండు పులుసు కాచింది. రుబ్బురోలు లేదు. గ్లాసు అడుగుతోనే పళ్ళెంలో నలగ్గొట్టింది. ఆ వాసనకు గురవయ్య తలుపులో నిలబడ్డాడు.

"చెనిక్కాయల ఊరిబిండి" అన్నాడు. ఆ మాట పలికి ఎన్నాళ్ళయిందో, నోరు కొంచెం తడబడింది.

మొయిదీన్‌కు కారం తగిలి కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. అయినా వదల్లేదు. తింటూ చెప్పాడు, ఒకసారి గురవయ్యకు కామెర్లు వచ్చి కళ్ళు పచ్చబడితే ఆసుపత్రి వరండాలోనే తాను పడుకున్నానని, అంగడి మూసేశానని, యజమాని తిట్టాడని. చెప్పి గురవయ్య వీపు మీద చరిచాడు. "తీసుకుపో చెల్లీ వీణ్ణి. ఇంట్లో మనుషులు ఉన్నవాడు ఇక్కడ ఎందుకు. కానీ పోయే రోజు ముందుగా నాకు చెప్పండి. మంచి గెల చూసి కోస్తాను, మీ మేడం ఇంటికి."

ఆయన అంగడికి పోయాక సుబ్బలక్ష్మమ్మ తోట పని గురించి చెప్పింది. గురవయ్య మంచం మీద పడుకుని విన్నాడు.

"వస్తావా?"

"నువ్వు ఎట్లంటే అట్ల."

"నీకు రావాలని ఉండాదా అని అడుగుతాండా."

"రమ్మంటే వస్తా. దాంట్లో ఏముండాది."

కాసేపటికి నిద్రపోయాడు. కడుపు నిండి, నోరు కొంచెం తెరుచుకుని, పిల్లవాడిలాగా. ఆమె తలుపు దగ్గర కూర్చుని చూసింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది గానీ రాలేదు. చాకిరేవు నుంచి మూట మోసుకొచ్చి దించిన తర్వాత భుజాల్లో ఉండే నొప్పిలాంటిదే ఉంది. మూట ఏదో, ఎవరిదో గుర్తులేని నొప్పి. లేచి ఎంగిలి పళ్ళేలు కడిగింది. అతని పళ్ళెం అతని మంచం కిందికే పోయి ఉంటే వంగి తీసింది.

*

రేపు తెల్లవారి మస్కట్ ప్రయాణమనగా, ఆమె షఫీతో పంపిన కబురందుకుని, సాయంత్రపు అసర్ నమాజు దాటాక గురవయ్య వచ్చాడు. భుజాన సంచి. తలకు నూనె రాసుకున్నాడు. మేడం వసారాలో నిలబడి షఫీ చేత రెండు మూడు ప్రశ్నలు అడిగించింది. ఖర్జూరం చెట్టు ఎక్కగలవా, నిమ్మకు ఎంత నీళ్ళు పెడతావు. గురవయ్య సరిగ్గానే చెప్పాడు. సార్ అప్పటికే అతని యజమానికి ఫోన్ చేసి ఉన్నాడు. మనిషిని తీసుకుపోండి, కాగితాలు తర్వాత చూసుకుందామన్నాడు ఆయన. ఇన్నేళ్ళూ ఎటు తోసినా కదలని తలుపు ఇప్పుడు వేలు తగిలించగానే తెరుచుకుంటోంది.

"మంచివాడిలాగే ఉన్నాడు" అని మేడం ఆమె చెవిలో చెప్పి లోపలికి పోయింది.

సుబ్బలక్ష్మమ్మ టీ, పొద్దుటి రొట్టెలు తెచ్చి గేటు పక్కన గోడ చాటున కూర్చున్న అతని ముందు పెట్టింది. తాను కూడా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మొయిదీన్ బాయి ఏమన్నాడు?"

"ఏమంటాడు."

"గెల కోస్తానన్యాడు కదా."

గురవయ్య రొట్టెను టీలో ముంచాడు. "చెప్పల్య. మద్యాన్నం నమాజుకు పోయినాడు, అప్పుడు బయటపడితి."

"చెప్పకుండానా?"

"చెప్తే ముసలోడు ఏడుస్తాడు. ఆ గోలంతా ఎందుకు. నాలుగు దినాలు చూస్తాడు, ఆమీట మర్చిపోతాడు."

అతను ఆ మాట ఎంతో మెత్తగా అన్నాడు. ముసలాయన మీద దయతోనే అన్నాడు. రొట్టె ముక్క జారి టీలో పడితే వేలితో తీసుకుని తిన్నాడు. సుబ్బలక్ష్మమ్మ అతన్నే చూస్తూ ఉంది. ఇన్నేళ్ళుగా ఏం జరిగిందో ఏం జరిగిందో అని తలబద్దలు కొట్టుకుంది. ఏమీ జరగలేదు. ఇదిగో, ఇంతే జరిగింది. ఒకరు నమాజుకు పోయినప్పుడో, గడ్డికి పోయినప్పుడో ఈ మనిషి బయటపడతాడు. మిగతాది ఎదురుచూసేవాళ్ళ పని.

"అయ్యా" అంది. "నువ్వు నాతో రావాకు."

అతను నమలడం ఆపాడు. "మేడం వద్దనిందా?"

"మేడం రమ్మనింది. నేనే వద్దంటాండా."

"పోయినేడు రాలేదనే కదా. కోపం."

"కోపం కాదు. కోపమైతే నిన్ననే వచ్చింటుంది." ఆమె మెట్టు మీది తడిని ఉత్త చేత్తో అటూ ఇటూ తుడిచింది. "నువ్వు చెడ్డోడివి కాదు. ఎప్పుడూ ఒక దెబ్బ కొట్టిందిల్య నన్ను. పిలిస్తే వస్తావు. పిలవకపోతే యాడుంటే ఆడనే ఉంటావు. ఇప్పుడు వస్తావు, బాగానే ఉంటావు. నేను పొద్దున్నే లేపుతా, నీ మంచి చెడ్డా మేడానికి నేనే చెప్పుకుంటా. ఒకనాడు నేను బట్టలారేసేదానికి మిద్దెక్కితే నువ్వు గేటు దాటి పోతావు. నేను మళ్ళా..."

అట్ల చెయ్యను మే, అని అంటాడేమోనని చూసింది. అబద్ధంగానైనా సరే. అతను టీ గ్లాసులోకి చూస్తున్నాడు. అలా చూస్తూ ఉండగానే భుజాలు కొంచెం కిందికి దిగాయి. సంచి బరువు ఎవరో అందుకున్నట్టు. అది ఆమె కంటపడింది.

"నీ ఇష్టం" అన్నాడు.

"నా ఇష్టమే. ఇన్నేండ్లకు." ఆమె అతని వైపు తిరిగి కూర్చుంది. "విను. ఇంగ నీ కోసం నేను చూడను. నువ్వు కూడా నా కోసం దాక్కోవాల్సిన పనిల్య. షఫీ కనపడితే మాట్లాడు. ఓబులేసు ఎప్పుడన్నా నిన్ను వెతుక్కుంటా వస్తే కనపడు. వానికీ నీకూ ఉండేది మీరు మీరు చూసుకోండి. నేను అడ్డం రాను, వెంబడీ రాను."

గురవయ్య తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. తర్వాత ఆమె మెడలోని పుస్తెల వైపు చూసి చూడనట్టు అడిగాడు, "అది తీసేస్తావా?"

"ఎందుకు తీసేది. మా అమ్మ చేయించింది. నా మెడలో ఉంటే నీకేం బరువు."

అతనికి నవ్వు వచ్చింది. ఆమెకూ కొంచెం వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నవ్వింది ఎప్పుడో గుర్తులేదు.

"ఇప్పుడే పో" అంది. "మొయిదీన్ బాయి రోడ్డు మీదికొచ్చి నిలబడింటాడు. ఊరికే బజారుకు పోయింటినని చెప్పు. నీ కోసం ఇన్నేండ్లు ఒక మనిషి ఎదురుచూసింది చాలు."

గురవయ్య లేచి సంచి భుజాన వేసుకున్నాడు. మిగిలిన రొట్టెను జేబులో పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఆగి, నోటి అలవాటుగా "పోయొస్తా మే" అన్నాడు.

"మంచిది" అంది సుబ్బలక్ష్మమ్మ.

జల్లు పడుతోంది. అతను మలుపు దాకా పోయేలోపలే ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వచ్చింది, కడిగింది, బోర్లించింది. రాత్రి వంటకు పిండి కలుపుతూ మధ్యలో పళ్ళెం కింద పెట్టి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంది. ఏడుపు వచ్చింది. గట్టిగా కాదు, ఎక్కువసేపూ కాదు. ముసలామె మంచినీళ్ళు అడిగితే లేచి ఇచ్చింది.

*

తెల్లవారి సామాన్లు బండికి ఎక్కిస్తున్నప్పుడు మేడం అడిగింది, నీ భర్త ఏడీ అని.

"రావద్దన్నాను మేడం."

మేడం మొహంలో చిరాకు కనిపించింది. సార్ చేత ఫోన్ చేయించింది ఆమే కదా. ఏదో అనబోయింది. సుబ్బలక్ష్మమ్మ మొహం చూసి, "సరే, ఎక్కు. కిటికీ పక్కన కూర్చో" అని మాత్రం అంది. ఆ సీటు ఎప్పుడూ పెద్ద పిల్లది. ఆ పిల్ల గొణిగినా మేడం వినిపించుకోలేదు.

కొండ ఎక్కేదాకా పచ్చగా ఉంది. కొండ దాటగానే ఎవరో గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోయింది. అవతల ఎండ, రాళ్ళ నేల, తిన్నగా ఒకటే రోడ్డు. షఫీ ఒకసారి అద్దంలోంచి ఆమెను చూశాడు. ఏదో అడగాలని ఉంది అతనికి.

"వెనక్కి పంపించినా" అంది ఆమే ముందుగా. "ఓబులేసుకు నేను చెప్పుకుంటా. నువ్వెవరికీ ఏమీ చెప్పబల్లేదు. దాచబల్లేదు కూడా."

"సరే అక్కా."

ఆ తర్వాత ఆమెకు ఏమీ తెలియదు. నిద్రపోయింది. ఆ ఇంట్లో చేరినప్పటి నుంచి బండిలో ఆమె కన్ను మూసింది లేదు. ఒక పిల్ల వాంతి చేసుకుంటుంది, ఒక పిల్లకు దాహమేస్తుంది, ముసలామెకు కాళ్ళు పట్టాలి. ఆ రోజు మాత్రం తలగుడ్డ జారిపోయి, నోరు తెరుచుకుని, గురక పెడుతూ నిద్రపోయిందట. దారిలో భోజనానికి ఆపినప్పుడు చిన్నపిల్ల నీళ్ళ కోసం ఆమె చెయ్యి పట్టి లాగబోతే, "లేపొద్దు, నేనిస్తాను" అని మేడం తనే దిగి నీళ్ళు తెచ్చిందట. ఇదంతా తర్వాత షఫీ చెప్పాడు.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బండి అద్దం నుంచి వచ్చే గాలి పొడిగా, వేడిగా ఉంది. చిన్నపిల్ల ఆమె ఒడిలో అడ్డంగా పడుకుని ఉంది.

"యాడికొచ్చినాం?"

"నిజ్వా దాటినాం అక్కా. ఇంగ ఇల్లే."

సుబ్బలక్ష్మమ్మ తలగుడ్డ సరిచేసుకుంది. పిల్ల తలను ఒడిలో కొంచెం పైకి జరిపింది. పక్కింట్లో పనిచేసే మహమూదా దగ్గర తాళాలు ఉన్నాయి, పాలు తీసిపెట్టి ఉంటుందో లేదో. లేకపోతే రాత్రికి ముసలామెకు ఏం పెట్టాలి. పప్పు నానబెట్టడానికి వేళ మించిపోయింది, గోధుమ గంజి కాచితే సరిపోతుంది. పొద్దునకు పిల్లల చొక్కాలు, సార్ తెల్ల అంగీ. అలా ఒకదాని వెనక ఒకటి అనుకుంటూ ఉంటే ఊరి దీపాలు కనిపించాయి. ఈ ఆలోచనల్లో ఎక్కడా గురవయ్య రాలేదని ఆమెకు అప్పుడు తట్టింది. తట్టి, కొంచెం ఆశ్చర్యపోయి, మళ్ళీ గంజి గురించి ఆలోచించింది.